తాండూరు గోడకు మేకు దిగలేదు

ఈసారి తాండూరు కళల పండుగకు నేనూ వస్తానని అంటే మా నడిపి బిడ్డ లచ్చమ్మ నవ్వింది. నేను ఎందుకు బయలుదేరానో ముందు చెప్పాలి. లచ్చమ్మ నల్ల గొంగడి మీద దబ్బనంతో బొమ్మలు కుడుతుంది. తెల్ల ఉన్ని, గోధుమ రంగు ఉన్ని, అంతే. రంగు అద్దింది కాదు, గొర్రె ఒంటి మీద ఉన్న రంగే. పోయినేడు ఒక బొమ్మ పట్టుకొని తన అన్నతో ఆ పండుగకు పోయింది. అక్కడి పెద్దలు గొంగడి కదా అని దాన్ని వేదిక మీద పరిచి, వచ్చిన అతిథులను దాని మీద కూర్చోబెట్టారు. వాళ్లు మర్యాదకే చేశారు. గొర్రెలు కాసే మా ఇండ్లల్లో కూడా చుట్టం వస్తే ముందు గొంగడి పరుస్తాం, ఆ తర్వాతే మంచినీళ్లు. కానీ అది పరిచేది కాదు, చూసేది. నా బిడ్డ ఇంటికి వచ్చి ఏడవలేదు. గొంగడికి అంటిన మట్టి దులిపి, "నాయినా, దీని కన్న పెద్దది కుడత. ఈసారి నిలవెట్టి సూపిస్త" అంది. ఏడాదంతా కుట్టింది. అటువంటి పట్టు గల బిడ్డను కన్నందుకు నేను ఎంత పొంగిపోయానో మా గొర్రెలకు కూడా తెలుసు, దారి పొడుగునా వాటికి అదే చెప్పేవాడిని.

మా పల్లె అనంతగిరి గుట్ట కింద. చీకటితో లేచి నడిస్తే తెల్లవారేసరికి వికారాబాద్ స్టేషన్ చేరుకోవచ్చు. పొద్దున వాడి జంక్షన్ వైపు పోయే ప్యాసింజరు ఎక్కాం. టికెట్టు మనిషికి రూపాయి లోపే. కిటికీ పక్కన కూర్చుంటే ధారూరు దాకా అడవి పచ్చదనం కళ్లకు పండుగ, ఆ తర్వాత కంది చేలు. ఎదుటి బల్ల మీద కన్నడం మాట్లాడే ముసలమ్మ ఒకామె చలికి వణుకుతుంటే నా చేయి దానంతట అదే గొంగడి మూట ముడి మీదికి పోయింది. లచ్చమ్మ నా చేయి పట్టుకుంది.

"నాయినా, గది కప్పెటిది గాదు."

"మరి ముసలామె సలికి సావాల్నా?"

లచ్చమ్మ తను కప్పుకున్న దుప్పటి తీసి ఆమెకు కప్పింది. తాండూరు వచ్చేదాకా తాను వణుకుతూ కూర్చుంది. మూట మాత్రం విప్పలేదు.

తాండూరు స్టేషన్ బయట రసూల్ అనే జట్కా అతను దొరికాడు. ఇద్దరికీ, మూటకూ కలిపి ఆరణాలకు ఒప్పుకొని, మూటలో ఏముందని అడిగాడు. మా బిడ్డ గొంగడి మీద కుట్టిన బొమ్మ అన్నాను. గొంగట్లో బొమ్మ ఏంది పెద్దాయనా, బొమ్మలైతే అద్దాలల్ల ఉంటయి గదా అని దారంతా నవ్వించాడు. సాయంత్రం రైలు బండికి మళ్లీ వచ్చి తీసుకుపొమ్మని చెప్పి దిగాం.

అసలు తిప్పలు అక్కడ మొదలయ్యాయి. బొమ్మలు పెట్టిన హాలు గోడలన్నీ తాండూరు నాపరాయి. మేకు కొడితే మేకే వంగింది. మిగతావాళ్ల పటాలు రెండు స్తంభాల మధ్య కట్టిన తీగకు వేలాడుతున్నాయి. గొంగడి బరువు సంగతి మీకు తెలిసిందే కదా, దాన్ని మడత విప్పకుండానే తీగ మీద వేయగానే తీగ కిందికి వంగి, పటాలన్నీ నడుమకు జారి ఒకదాన్నొకటి గుద్దుకున్నాయి. పండుగ పనులు చూసే సారు పరుగెత్తుకుంటూ వచ్చాడు. చెడ్డవాడు కాదు, పొద్దటి నుంచి మంచినీళ్లు కూడా తాగినట్టు లేడు. గొంగడిని బయట గొర్రెల సంత పక్కన పెట్టుకొమ్మన్నాడు.

"మా గొర్రెలు సూసినయి సారూ. మనుషులు సూడాలె" అంది లచ్చమ్మ.

"నేను వద్దంటలేనమ్మా. గోడకు పట్టది, తీగకు ఆగది. వేదిక మీద పరుద్దాం, పెద్దోళ్లు కూసుంటరు. గౌరవమే గదా."

"పోయినేడు గూడ గౌరవమే అన్నరు. నేను కుట్టిన గుట్ట మీద కూసున్నరు, వాగు మీద కాళ్లు వెట్టిన్రు."

అని మూట ఒడిలో పెట్టుకొని గోడ కింద కూర్చుంది. మోటుగా ఒక్క మాట అనలేదు, అక్కడి నుంచి లేవనూ లేదు. ఇంటికి పోదామా అని అడగబోయాను. అప్పుడు నా చేతిలోని గొర్రెల కట్టె గుర్తుకొచ్చింది. గొర్రెలు మేస్తుంటే మేము కట్టెను మెడ వెనక భుజాల మీద అడ్డంగా పెట్టుకొని, దాని మీద చేతులు వేసి పొద్దుగూకే దాకా నిలబడతాం. "గోడ లేకుంటే నేను లేనా బిడ్డా?" అన్నాను. లచ్చమ్మ గొంగడి పై అంచును కట్టెకు చుట్టి దబ్బనంతో కుట్లు వేసింది. కట్టె భుజాలకెత్తుకొని, జనం వైపు వీపు పెట్టి నిలబడ్డాను. గొంగడి నా మడమల దాకా దిగింది.

నేను చదివింది నాలుగో తరగతి. లెక్క తప్పితే పంతులు గోడవైపు నిలబెట్టేవాడు, అప్పుడు ఏడ్చేవాడిని. ఇప్పుడు ఈ వయసులో నా అంతట నేనే గోడవైపు నిలబడి, నవ్వు ఆపుకోలేకపోయాను. నాకు రాయి తప్ప ఏమీ కనిపించదు, వెనక చప్పుళ్లు మాత్రం వినిపిస్తాయి. మొదట బూట్ల చప్పుళ్లు ఆగకుండా పోయాయి. ముసలాయనకు జ్వరమొచ్చినట్టుంది అని ఎవరో అన్నారు. తర్వాత ఒక ఆడమనిషి ఆగి, "గిది అనంతగిరి గుట్ట గాదే?" అంది. ఆమె వెంట ఇంకొకరు, వాళ్లను చూసి మరికొందరు. వాగు పుట్టే చోటు ఏదో, గుడి మెట్లు ఏవో నా వీపు మీద వేళ్లు పెట్టి చూపించుకుంటున్నారు. ఉన్నట్టుండి అందరూ నవ్వారు. "అండ్ల ఒకడు, గీడ ఒకడు" అన్నారు ఎవరో.

"ఎందుకు నవ్వుతున్నరు బిడ్డా?"

"నువ్వు కదలకు నాయినా."

మధ్యాహ్నం వాకిట్లో రొట్టెలు కాల్చే ఆమె జొన్నరొట్టె, కందిపప్పు తెచ్చి ఇచ్చింది. బయట కొంటే నాలుగణాలకు కడుపు నిండుతుంది, నా దగ్గర మాత్రం తీసుకోలేదు, గోడను ఎవరైనా పైసలు అడుగుతారా అంది. నా చేతులు కట్టె మీద ఉన్నాయి కాబట్టి లచ్చమ్మే ముద్ద చేసి నోట్లో పెట్టింది. తాండూరు కందిపప్పు రుచి నేను చెప్పను, మీరే పోయి తినండి. కాసేపటికి సారు ఒక కుర్చీ తెచ్చి, పెద్దాయనా జర కూసో అన్నాడు.

"గోడ కూసుంటదా సారూ?" అన్నాను.

ఆయన కుర్చీ అక్కడే వదిలి వెళ్లిపోయాడు.

పొద్దు వాలుతుంటే రసూల్ వచ్చాడు. నా వెనక నిలబడి, "పెద్దాయనా, నువ్వు దీన్ని సూసినవా?" అని అడిగాడు. ఏడాదంతా చూశానన్నాను. "గట్ల గాదు, దూరంకెళ్లి" అని, సారును పిలిచి కట్టె ఒక కొన తాను పట్టుకొని, రెండో కొన ఆయనకు పట్టించాడు. నేను తలుపు దాకా నడిచి వెనక్కి తిరిగాను.

మాది ఒంటి గది ఇల్లు. ఆ గొంగడి ఎప్పుడూ లచ్చమ్మ ఒడిలో మడతల్లోనే ఉండేది, నేను పూర్తిగా విప్పి చూసిందే లేదు. ఇప్పుడు మొత్తం చూశాను. నల్లటి గుట్ట, తెల్లటి వాగు, గోధుమ రంగు గొర్రెలు. గుట్ట కొసన ఒక మనిషి మనకు వీపు పెట్టి, భుజాల మీద కట్టె, కట్టె మీద చేతులతో నిలబడి ఉన్నాడు. పొద్దంతా నేను నిలబడ్డట్టే. జనం నవ్వింది అందుకన్నమాట. ఏదో ఒకటి అనాలి కదా.

"కాళ్లు జర వంకర కుట్టినవ్ బిడ్డా."

"వంకరనే ఉన్నయి నాయినా."

సాయంత్రం రైలు బండిలో లచ్చమ్మ నా భుజానికి తల ఆనించి వికారాబాద్ దాకా నిద్రపోయింది. భుజం మంట పుడుతున్నా కదిలించలేదు. గుట్ట మీద అన్నేండ్లు నిలబడితే నన్ను గొర్రెలు తప్ప ఎవరు చూస్తారు అనుకునేవాడిని. ఈ బిడ్డ చూసింది. చూసి, ఊరందరికీ చూపించింది. ఇంతకన్న భాగ్యం ఏ రాజుకు ఉంది చెప్పండి. ఆ గొంగడి మా ఇంట్లో ఇక ఏ చుట్టానికీ పరచం, కోపం వచ్చినా సరే.

మీలో ఎవరైనా తాండూరుకు బరువైన బొమ్మ తీసుకుపోతే ఒక్క మాట వినండి. మేకులు మోయకండి, ఆ గోడలకు దిగవు. రెండు నిలువు కట్టెలు, ఒక తాడు వెంట పెట్టుకోండి. అవి మరిచిపోతే గొర్రెలు కాసేవాడిని ఒకడిని తీసుకుపోండి. నిలబడటం మాకు అలవాటే.