నూకాలు కవితకు సముద్రం హోరు

నిన్న మా అమ్మాయి స్కూలు కోసం కొన్న చార్టు చుట్ట విప్పగానే లేచిన వాసన, కొత్త కాగితానిదీ జిగురుదీ కలిసిన ఆ ఘాటు, నన్ను తిన్నగా నర్సీపట్నంలో నేను చదివిన ఎనిమిదో తరగతి గదిలోకి తీసుకుపోయింది.

అది మాఘమాసం. రోలుగుంటలో మా ఇంటి చుట్టూ బెల్లానికి చెరకు గానుగ ఆడుతుండేవాళ్ళు. బస్సెక్కి బడికొచ్చినా పరికిణీకి బెల్లం పాకం వాసన అంటుకునే ఉండేది, దారి పొడవునా జీడిమామిడి పూత, ఇంటర్వెల్లో గేటు బయట ఉప్పూకారం చల్లిన రేగుపళ్ళు. ఆ రోజుల్లోనే మా తెలుగు టీచరు మాణిక్యంగారు వార్షికోత్సవానికి ఓ కొత్త పని పెట్టారు. అందరం మాకొచ్చిన కల మీదో, ‘నేనెవర్ని’ అన్నదాని మీదో కవిత రాయాలి. బాగున్నవి స్టేజీ మీద చదివిస్తారు. చదువుతుంటే వెనకాల తగిన బొమ్మ, టేప్‌రికార్డర్లో తగిన చప్పుడు ఉండాలి. అవి ఎంచే పని నాకూ, నా పక్కన కూర్చునే నూకాలుకీ అప్పజెప్పి, తన టేప్‌రికార్డరు వారంపాటు మాకిచ్చేశారు.

నూకాలుది నక్కపల్లి అవతల సముద్రం ఒడ్డు. నాన్న వేటకెళ్తాడు, అమ్మ చేపలమ్ముతుంది. తను హాస్టల్లో ఉండి చదువుకునేది. ఒకసారి ఎవరో దాని పెట్టె దగ్గర ముక్కు మూసుకున్నారట. అప్పట్నుంచి ఇంటి సంగతే ఎత్తేది కాదు.

నాకైతే అన్ని కవితలకీ ఒకటే వీణ క్యాసెట్టు, కొట్లో దొరికే మంచుకొండల పోస్టరు చాలనిపించింది. నూకాలు ఒప్పుకోలేదు. ఒక్కో కవితా రెండేసి సార్లు చదివించుకుని కళ్ళు మూసుకుని వినేది. బస్సు కండక్టరైనట్టు కలగన్న లక్ష్మి కోసం నన్ను బస్టాండుకి లాక్కెళ్ళి, ఓ కండక్టరుగారిని బతిమాలి విజిలు ఊదించి రికార్డు చేసింది. వాడేసిన టికెట్లు ఏరి చార్టు నిండా అతికించింది. ‘నాయనమ్మ పేరే నాకూ పెట్టారు, మరి నా పేరేది’ అని రాసిన సత్యవతికి చప్పుడేమీ వద్దంది, వెనకాల ఓ నిలువుటద్దం పెట్టమంది.

తన కవిత దగ్గరికొచ్చేసరికి మాత్రం ఆగిపోయింది. అది నాకిప్పటికీ నోటికొచ్చు.

ఊరెళ్తే పట్నం పిల్లనంటారు
పట్నమొస్తే సముద్రం పిల్లనంటారు
దారిలో బస్సు కిటికీ పక్కన మాత్రం
నన్నెవరూ ఏమీ అనరు

నేను నీలం సముద్రం, కొబ్బరిచెట్లు, ఎర్రటి సూర్యుడూ గీసి చూపించాను.

“మా సముద్రం ఇలాగుండదే,” అంది.

“మరెలాగుంటాదే?”

ఆదివారం నన్ను వాళ్ళ ఊరు తీసుకెళ్ళింది. బూడిదరంగు నీళ్ళు, ఇసుకలో ఎండేసిన నెత్తళ్ళ చేపలు, పళ్ళలోకి కూడా ఇసుక కొట్టే గాలి. టేప్‌రికార్డరుకి తువ్వాలు చుట్టి అలల దగ్గర కూర్చున్నాం. సోమవారం క్లాసులో పెట్టి వింటే హోరంతా నూనెలో ఏదో వేగుతున్నట్టుంది, దాని మధ్యలో మాత్రం వాళ్ళమ్మ కేక గంటలా వినిపించింది: “ఓలే నూకాలూ, బేగి రాయే, కూడు సల్లారిపోతంది!”

మళ్ళీ వెళ్ళి రికార్డు చేద్దామన్నాను. నూకాలు వెనక్కి తిప్పి మూడుసార్లు వింది.

“ఇదే ఉంచేద్దుం.”

“అందరూ నవ్వితేనో?”

“నవ్వనీ,” అంది గానీ, దాని మొహం చిన్నబోయే ఉంది. బొమ్మకి బదులు, ఇంటి నుంచి తెచ్చిన చిరుగుల వల ముక్కని తెల్ల చార్టు మీద పరిచి కట్టింది. వలకి వాసన ఉందని ఇద్దరికీ తెలుసు. అయినా విప్పలేదు.

వార్షికోత్సవం సాయంత్రం వాళ్ళమ్మ తలకి నూనె రాసుకుని, మడత నలగని చీర కట్టుకుని ముందు వరసలో కూర్చుంది. నూకాలు మైకు ముందు నిలబడగానే నేను టేపు నొక్కాను. స్పీకర్లలోంచి ఆ కేక మైదానమంతా వినబడింది. వాళ్ళమ్మ ఉలిక్కిపడి లేచి నిలబడింది.

“ఎవులే అది? నాలాగే అరుత్తందేటి?”

మైదానం గొల్లుమంది. హాస్టలు పిల్లలైతే ఒకరి మీదొకరు పడి నవ్వారు. నేను టేపు ఆపేయబోయాను. ఇంతలో మైకులోంచి నూకాలు నవ్వు. “అది నువ్వేనే అమ్మా! కూకో!”

ఆమె కూర్చుంది. పక్కనున్న మాణిక్యంగారితో “నా గొంతు ఇలాగుంటాదా అండీ?” అని అడిగింది. తన గొంతు తను వినడం అదే మొదటిసారి. ఆ నవ్వులన్నీ సద్దుమణిగాక నూకాలు తడబడకుండా కవిత చదివింది. మర్నాటి నుంచి హాస్టల్లో అన్నాలవేళ అందరూ దాన్ని అదే కేకతో పిలిచేవాళ్ళు, అదీ అదే యాసలో బదులిచ్చేది. ఆ వల ముక్క చాలా రోజులు దాని మంచం దగ్గరే గోడకి వేలాడింది.

మాణిక్యంగారికి ట్రాన్స్‌ఫరైనప్పుడు ఆ క్యాసెట్టూ వారితో వెళ్ళిపోయింది. మా రేకుల గదులు తీసేసి రెండంతస్తులు కట్టారు. నూకాలు ఇప్పుడు మా రోలుగుంటలోనే నర్సు, వాళ్ళమ్మా దాని దగ్గరే. మొన్న వాళ్ళింట్లో కూర్చుని ఎవరి కవితకు ఏం పెట్టామో ఒక్కొక్కటీ చెప్పుకున్నాం. “మరి నీదో?” అంది నూకాలు. నేనూ చదివానట ఆ రోజు. ఏ కల రాశానో, దానికి తను ఏం ఎంచిందో ఇద్దరికీ ఎంతకీ గుర్తురాలేదు. ఇద్దరం నవ్వుకుని, మళ్ళీ టీ పెట్టుకున్నాం.