టోక్యోలో సుభద్రమ్మ గారి భోజనం

మొన్న గుణదలలో ఒక పెళ్లి విందుకు వెళ్తే, పానీపూరీ బల్లకీ దోసెల పెనానికీ మధ్య జపాన్‌వాళ్ల సుషీ కౌంటర్ కనిపించింది. పొడుగు టోపీ పెట్టుకున్న వంటాయన అన్నపు ముద్దల మీద క్యారెట్ ముక్కలు అతికిస్తున్నాడు. జనం సెల్ఫీ దిగి, ఒక్క ముక్క కొరికి, మిగతాది బుట్టలో పడేసి బిర్యానీ వైపు నడుస్తున్నారు. నవ్వుకుంటూ దాటిపోబోయాను. ఇంతలో గోరువెచ్చని అన్నంలో కలిసిన వెనిగర్ వాసన ముక్కుకు తగిలి, కాళ్లు అక్కడే ఆగిపోయాయి. ఆ వాసన వస్తే నాకు సుభద్రమ్మ గారే గుర్తొస్తారు. ఆవిడ పోయి రెండేళ్లయింది.

ఉయ్యూరు దగ్గర ఆవిడకు రైసు మిల్లు ఉండేది. బీకాం చదివి లెక్కలు చూడటానికి చేరిన నన్ను, మొదటి ఏడాదంతా గోదాములోనే తిప్పారు. ధాన్యాన్ని ఏడాది మాగబెట్టి, ఆ తర్వాతే మిల్లుకు వేయడం ఆవిడ పద్ధతి. ఎవరింట్లో భోజనానికి కూర్చున్నా, కూర వడ్డించేలోపే ఒక మెతుకు తీసి బొటనవేలితో నొక్కి, బియ్యం పాతవో కొత్తవో చూసేవారు. వియ్యాలవారి విందైనా సరే, మంత్రిగారి ఇల్లైనా సరే. పక్కన కూర్చుని నేను సిగ్గుతో చచ్చిపోయేదాన్ని.

మిల్లులో భాగస్థుడైన ఆవిడ తమ్ముడికి ఈ మాగబెట్టడం గిట్టేది కాదు. సరుకు ఏడాదిపాటు కదలకుండా పడుంటే వ్యాపారం ఎలా సాగుతుందని ఆయన వాదన. అందులో న్యాయం లేకపోలేదు. గోదామును ఒక కొరియర్ కంపెనీకి అద్దెకిచ్చేద్దామన్నాడు. ఆవిడ చాలాకాలం బిగదీసుకుని, చివరికి అలసిపోయారు. కొత్త యంత్రాలు చూడటానికి జపాన్ వెళ్లిరాగానే ఇచ్చేస్తానని తమ్ముడికి మాటిచ్చారు. ఇంగ్లీషు మాట్లాడతానని నన్ను వెంటబెట్టుకెళ్లారు. విమానం దిగేముందు, "పాత బియ్యం ఎవరిక్కావాలమ్మాయ్ ఇప్పుడు. అందరూ కుక్కర్లో పడేసి తినేవాళ్లేగా," అన్నారు.

టోక్యోలో యంత్రాల కంపెనీ ఉద్యోగి ఒకతను మమ్మల్ని సుషీ తినడానికి తీసుకెళ్లాడు. ఆ హోటల్ తాతముత్తాతల నాటిదట. చూడబోతే మన వన్ టౌన్‌లో గుడ్డల కొట్టంత కూడా లేదు. ఒకటే పొడవాటి చెక్కబల్ల, దాని వెనక తెల్లబట్టల్లో ఒక ముసలాయన. మెనూ లేదు, ఆయన ఏది పెడితే అది తినాలి. చేప కోస్తుంటే కత్తి చప్పుడే లేదు. తడిచేత్తో కాస్త అన్నం తీసి, వేళ్లతో అదిమీ అదమనట్టు అదిమి, పైన చేపముక్క పరిచి మా ముందుంచాడు. ఆ చేతుల్లో తొందర లేదు, ఒక్క అనవసరమైన కదలిక లేదు. చుట్టూ ఉన్నవాళ్లు తీర్థం పుచ్చుకున్నంత శ్రద్ధగా తింటున్నారు. నాకు గట్టిగా ఊపిరి తీయడానికి కూడా భయమేసింది.

సుభద్రమ్మ గారికి కొర్రమీను పులుసంటే ప్రాణం. కానీ ఇది పచ్చి చేప. ఆవిడ ముక్కను మెల్లగా తీసి పక్కన పెట్టారు. అది చాలదన్నట్టు, కింది అన్నంలోంచి ఒక మెతుకు తీసి బొటనవేలితో నొక్కారు. ముసలాయన చేతులు ఆగిపోయాయి. మాతో వచ్చినతని ముఖం పాలిపోయింది. బల్ల కింద ఆవిడ మోకాలు తట్టాను. ఆవిడ పట్టించుకోకుండా ఇంకో మెతుకు నొక్కి, వాసన చూశారు.

ముసలాయన ఏదో అన్నాడు. అన్నంలో లోపమేమిటని అడుగుతున్నారని ఆ ఉద్యోగి బెదురుతూ చెప్పాడు.

"లోపమేం లేదని చెప్పమ్మాయ్," అన్నారావిడ. "రకం జిగురుదే గానీ, కొత్త బియ్యం కాదివి, పోయినేటివి. మన పులిహోరకి లాగానే. కొత్తవైతే పులుపు లోపలికి పట్టదు, పైన తడితడిగా ఉండిపోద్ది. ఈయన తెలిసే వండుతున్నాడు."

నేను ఇంగ్లీషులో చెప్పాను, అతను జపనీసులో చెప్పాడు. ముసలాయన విని, లోపలికెళ్లి, గుప్పెడు బియ్యం తెచ్చి ఆవిడ అరచేతిలో పోశాడు. ఆవిడ ఒక గింజ ముందుపళ్ల మధ్య పెట్టి కొరికారు. టక్కుమంది. ఆయనా ఒకటి కొరికాడు. ఒకరి భాష ఒకరికి రాని ఆ ఇద్దరూ తలలూపుకుంటుంటే నా ఒళ్లు జలదరించింది. అంత పెద్ద విద్యను అంత దగ్గరగా నేను మళ్లీ చూడలేదు.

తర్వాత ఆయన మాటలు కలిపాడు. ఇప్పుడు అందరూ కొత్త బియ్యమే అడుగుతున్నారట. తనకోసం మాగబెట్టి ఇచ్చే వర్తకుడు ఒక్కడే మిగిలాడట. అతను మానేసిన రోజు తానూ కత్తి పక్కన పెట్టేస్తానని చెప్పి నవ్వాడు. సుభద్రమ్మ గారు నవ్వలేదు. పక్కన పెట్టిన చేపముక్కను మళ్లీ అన్నం మీద పెట్టుకుని, కళ్లు మూసుకుని నోట్లో వేసుకున్నారు. ఆ తర్వాత ఆయన ఏది పెడితే అది తిన్నారు.

తిరుగు ప్రయాణంలో టాక్సీలో కూర్చున్నాక అన్నారు: "మన బియ్యం కోసం ఎవరు ఎదురుచూస్తన్నారో మనకేం తెలుసమ్మాయ్. ఎప్పుడన్నా అడిగామా?"

ఇంటికి రాగానే గోదాము ఇవ్వనని చెప్పేశారు. మాట తప్పిందని తమ్ముడు వాటా తీసుకుని విడిపోయాడు. మళ్లీ ఆవిడ గడప తొక్కలేదు. ఆవిడకు ఆ దిగులు చివరిదాకా ఉంది. చేసింది తప్పో ఒప్పో ఇప్పటికీ నేను తేల్చి చెప్పలేను.

ఆవిడ మంచం పట్టిన వేసవిలో టోక్యో నుంచి ఆ ఉద్యోగి వేరే పనిమీద ఫోన్ చేసి, ఆ హోటల్ మూతపడిందని చెప్పాడు. ఆ బియ్యం వర్తకుడు గోదాము అమ్మేసుకున్నాడట, ముసలాయన మాత్రం ఆరోగ్యంగానే ఉన్నాడట. ఆవిడకు చెప్పాలా వద్దా అని తటపటాయించి, చెప్పాను.

"ఆయన చేతులు బాగానే ఉన్నాయంటా?" అని అడిగారు.

బాగానే ఉన్నాయట అన్నాను. ఆవిడ గోడవైపు తిరిగి ఏడ్చారు. అన్నేళ్లలో ఆవిడ ఏడవగా చూడటం నాకదే మొదలు.

ఇప్పుడు ఆవిడ కూతురి తరఫున మిల్లు నేనే నడుపుతున్నాను. గోదాము అద్దెకిమ్మని వచ్చేవాళ్లు వస్తూనే ఉంటారు. కాఫీ ఇప్పించి, కుదరదని పంపించేస్తాను. చేతులు చక్కగా ఉండి కూడా పనిలేక కూర్చున్న ఆ ముసలాయన నా కళ్లముందు మెదులుతాడు. అలాంటి మనిషి మన వైపూ ఎక్కడో ఉండే ఉంటాడనీ, నా వల్ల ఆయన పొయ్యి ఆరిపోయినా ఆ సంగతి నాకు తెలియనే తెలియదనీ భయం. ఆవిడ నాకిచ్చి వెళ్లింది ఆ భయమే. ఈ ఏడు కూడా ధాన్యం మాగడానికి గోదాములో పెట్టించాను.