దుమ్ము వడ్డదమ్మా

నా చిన్నప్పుడు, మల్లాపూర్ దగ్గరి మా చేనులో బావి పూడిక తీస్తున్న రోజు సంగతి ఇది. ఎండాకాలం. మా నాయన అడుగున మట్టి ఎత్తుతుంటే బావి గోడలోంచి పెద్ద రాయి జారి ఆయన కాలి మీద పడింది. తోడుగా దిగినవాళ్లు గడ్డపారలతో ఎంత తిప్పలు పడ్డా అది కదల్లేదు. అడుగున ఊట ఆగకుండా వస్తోంది. నీళ్లు తోడితేనే రాయి కింద పట్టు దొరుకుతుంది. తోడకపోతే ఏమవుతుందో ఎవరూ నోటితో అనలేదు.

ఒడ్డున మా పెట్రోల్ ఇంజన్ ఉంది. నెలల తరబడి కొట్టంలో మూలకు పడి ఉన్నది. తాడు గుంజగా గుంజగా అంటుకునేది, కాసేపు నీళ్లు పోసేది, దగ్గి ఆగిపోయేది. మా చిన్నాయన ప్లగ్గు విప్పి తుడిచాడు, దాన్ని బండబూతులు తిట్టాడు, మళ్లీ గుంజాడు. ఇంజన్ ఆగినప్పుడల్లా లోపలి నుంచి నాయన కేక వినబడేది. నీళ్లు ఛాతీ దాకా వచ్చాయి. తర్వాత కేకలు కూడా ఆగిపోయాయి. అయ్యో, ఆ నిశ్శబ్దం పగవాడికి కూడా వద్దు. నాయనమ్మ గట్టు మీద కూలబడి, "మైసమ్మ తల్లీ, నేనేం పాపం జేసిన్నే" అని తల బాదుకుంది.

అప్పుడే కోరుట్లలో మోటర్లు బాగుచేసే మా పక్కింటాయన, మేం చిచ్చా అని పిలిచే ఆయన, పరుగున వచ్చాడు. వస్తూనే, "తాడు గుంజుడు ఆపుండ్రి" అన్నాడు.

చిన్నాయనకు ఒళ్లు మండింది. "మా అన్న మునుగుతుంటె ఆపుమంటవా?"

చిచ్చా వంగి ఇంజన్‌కు పెట్రోలు పోయే పైపు ఊడదీశాడు. సన్నటి ధార వచ్చి, చుక్కలై, ఆగిపోయింది. ట్యాంకు చూస్తే సగానికి నిండే ఉంది. మూత తిప్పాడు. సుయ్యిమని గాలి లోపలికి పోయింది, పైపులోంచి పెట్రోలు దూకింది. ట్యాంకు మూతకు గాలి పోయే చిన్న రంధ్రం ఉంటుంది. అది మూసుకుపోతే పెట్రోలు కిందికి దిగదట.

పక్కనే ఉన్నాను గనుక ఆ రంధ్రంలో ఏముందో నేనూ చూశాను. గట్టిపడిన పసుపు. దసరాకు నాయనమ్మ ఇంజన్‌ను పూజించి సరిగ్గా మూత నడుమ పెట్టిన బొట్టు. చిచ్చా ఒక్కసారి నావైపు చూశాడు. పసుపును గోరుతో గీకి, వేలు లుంగీకి తుడుచుకుని, తాడు తనే గుంజాడు.

ఈసారి ఇంజన్ ఆగలేదు. నాయనను పైకి తెచ్చేసరికి పెదవులు నల్లబడ్డాయి, ఊపిరి మాత్రం ఉంది. నాయనమ్మ చిచ్చా రెండు చేతులు పట్టుకుని, "ఏం అడ్డం వడ్డది కొడుకా?" అని అడిగింది.

"దుమ్ము వడ్డదమ్మా. గంతే."

నాయన కాలు మళ్లీ సరిగ్గా రాలేదు. నాయనమ్మ తన ఓపిక ఉన్నన్నాళ్లూ ఆ కాలికి నూనె రాసింది. పక్కన కూర్చున్నప్పుడు ఆ పసుపు మాట నా నాలుక చివరిదాకా వచ్చేది, మింగేసేదాన్ని. ఎవరి వల్ల తప్పు జరిగిందో తెలిసినా, ఆ మనిషికి చెబితే ఏం బాగుపడుతుందని ఆగడం నాకు చిచ్చా దగ్గరే అబ్బింది. ఇవాళ మీకు చెబుతున్నానంటే, వినడానికి ఆమె లేదు గనుకనే.