పడవ కుడికి లాగిన నెల

1997 జూన్‌లో నన్ను సత్తెనపల్లి దగ్గర కాలువ గట్టు మీద కొత్తగా తెరిచిన కయాకింగ్ శిక్షణ కేంద్రానికి కోచ్‌గా వేశారు. మాది కనిగిరి. బిందెడు మంచినీళ్ళ కోసం రెండు వీధులు దాటే ఊరివాణ్ణి పడవల మీద పెట్టారేమిటని బంధువులంతా నవ్వారు. మా మేనమామ అయితే పెళ్ళి పందిట్లో అందరి ముందూ, "ఒరేయ్, ముందు నీకు ఈతొచ్చా?" అని అడిగాడు. వచ్చు. దిగుడుబావిలో నేర్చుకున్నాను.

కేంద్రం అంటే రేకుల షెడ్డు ఒకటి, ఒంటరి పడవలు నాలుగు, నా మెడలో స్టాప్‌వాచీ. ఈ పందెపు పడవ మనిషి నడుమంత వెడల్పే ఉంటుంది. తుమ్మితే బోర్లా పడుతుంది. అందులో ముందుకు చూస్తూ కూర్చుని, రెండు వైపులా రెక్కలున్న తెడ్డు వేయాలి. పడవ వెనక అడుగున అరచేయంత చుక్కాని ఉంటుంది. దాని నుంచి రెండు సన్నని తీగలు ముందుకు వచ్చి, పాదాల మధ్యనున్న చిన్న కడ్డీకి కలుస్తాయి. ఎడమ పాదంతో కడ్డీని నెడితే పడవ ఎడమకు తిరుగుతుంది, కుడి పాదంతో నెడితే కుడికి. చూసేవాళ్ళు బలమంతా చేతులదే అనుకుంటారు. నిజానికి ప్రతి తెడ్డు దెబ్బా పాదం దగ్గర మొదలవుతుంది. కాలితో ముందున్న పలకను తన్నిపెడితేనే నడుము తిరుగుతుంది, నడుము తిరిగితేనే భుజం పని చేస్తుంది. ఈ సంగతి కొత్తగా చేరిన ప్రతివాడికీ మొదటి రోజే చెప్పేవాణ్ణి. దాన్ని నేనే మరిచిపోయిన నెల ఒకటుంది. ఆ నెల గురించే ఇది.

కాలువలో ప్రవాహం ఉంటుంది కనుక ఎదురు ఒకసారి, వాలు ఒకసారి పడవ నడిపించి, రెండు సమయాల సగటు రాసుకునేవాళ్ళం. ఎండాకాలం కాలువ కట్టేస్తే గట్టు మీద పరుగు, షెడ్డులో బరువులు. నీళ్ళు ఎప్పుడు వదులుతారో, ఎప్పుడు తగ్గిస్తారో ముందుగా చెప్పేవాడు లస్కరు రత్నం. లస్కరంటే కాలువ గట్టు వెంట తిరుగుతూ తూముల తలుపులు ఎత్తి దించే ఉద్యోగి. ఒకరోజు అతను పంతొమ్మిదేళ్ళ కొడుకును వెంటబెట్టుకొచ్చి, "మావాడండి, మోషే. ఇంటర్ తప్పాడు. కాలవ దాటమంటే వంతెన ఎక్కడండీ, ఈదుకుంటానే పోతాడు. మీకేమన్నా పనికొస్తాడేమో చూడండి" అన్నాడు.

మొదటి వారం మోషే పడవలో కూర్చున్న సమయం కంటే నీళ్ళలో ఉన్న సమయమే ఎక్కువ. పడ్డ ప్రతిసారీ నోటినిండా ఎర్రనీళ్ళు ఉమ్మి, పడవను గట్టుకు లాగి, నీళ్ళు వంపి, మళ్ళీ ఎక్కేవాడు. రెండో నెలకి పడడం మానేశాడు. ఆరో నెలకి నా స్టాప్‌వాచీ చెడిపోయిందేమోనని నాకే అనుమానం వచ్చింది. వాడి తెడ్డు నీళ్ళలో దిగిన చప్పుడు వినపడేది కాదు. అంత శుభ్రంగా దిగేది. రిటైరయ్యేదాకా అలాంటి తెడ్డు నాకు మళ్ళీ తగలలేదు.

ఏడాదిన్నర తిరక్కుండానే రాష్ట్ర స్థాయిలో గెలిచాడు. 1999 మొదట్లో జాతీయ పోటీల్లో వెయ్యి మీటర్ల ఒంటరి పందెంలో బంగారు పతకం తెచ్చాడు. ఆ ఆదివారం వాళ్ళ గుడిలో పాస్టరు గారు తెడ్డు కూడా తెమ్మని కబురు పెట్టి, ఆరాధన అయ్యేదాకా దాన్ని ప్రసంగ పీఠానికి ఆనించి ఉంచారు. మోషే తల్లి మరియమ్మ మిరపచేలో కూలికి పోయే మనిషి. ఆమె పతకాన్ని కళ్ళకద్దుకుంటూ నాతో, "ఇది పెడితే ఉజ్జోగం ఇత్తారా సారూ?" అని అడిగింది.

సరైన ప్రశ్నే అడిగింది. ఆ పతకం ఒక్కటే చాలదు. డిసెంబరులో జాతీయ జట్టు శిబిరానికి ఎంపిక పోటీలున్నాయి. అందులో మొదటి ఇద్దరిలో ఉంటే శిబిరం, శిబిరంలో పేరుంటే క్రీడా కోటాలో ఉద్యోగం దాదాపు ఖాయం. మోషే లెక్క ఇంకా సూటిగా ఉండేది. ఉద్యోగం వస్తే నాన్న చేత కౌలు మాన్పిస్తానని అనేవాడు. రత్నం జీతం చాలక రెండెకరాలు కౌలుకు తీసుకుని పత్తి వేసేవాడు. వరసగా మూడేళ్ళు ఆ పత్తిని పచ్చపురుగు తినిపోయింది.

ఆ ఏడు అక్టోబరులో రత్నం తూము తలుపు ఎత్తుతూ జారిపడి భుజం బెణికించుకున్నాడు. చేలో పురుగు కాయ దాకా వచ్చింది. ఊరంతా ఒకేసారి మందు కొట్టుకుంటుంటే కూలి మనిషి దొరకలేదు. మోషే సాయంత్రం సాధన అయ్యాక నా దగ్గరికొచ్చి చేలో మందు కొట్టడానికి నాలుగు రోజులు సెలవు అడిగాడు. ఎంపిక పోటీలకు రెండు నెలలే ఉంది. నాకు ఇవ్వబుద్ధి కాలేదు. కానీ వాళ్ళింటి సంగతి తెలిసి కాదనలేక, పోనీ దీన్ని కూడా సాధనలో కలిపేద్దామని తెలివిగా ఆలోచించాను. "పోరా. మందు పంపు కొట్టడం కూడా భుజాలకు సాధనే. నాలుగు రోజులు గట్టిగా కొట్టు, ఇక్కడ బరువులెత్తే పని తప్పుద్ది" అన్నాను. వాడు నవ్వాడు. శిక్షణ రిజిస్టరులో ఆ నాలుగు రోజుల గడిలో నా చేత్తో "భుజాల వ్యాయామం" అని రాశాను.

ఒక మందుకు పురుగు చావకపోతే రెండు మందులు, రెంటికీ చావకపోతే మూడు కలిపి కొట్టడం ఆ ఏళ్ళలో మా పత్తి నేలల్లో అందరూ చేసిన పనే. బకెట్టులో పోసి చేత్తోనే కలిపేవాళ్ళు. వీపున కట్టుకున్న డబ్బా మూత సరిగా పడక మందు వెన్ను మీదుగా కాళ్ళ దాకా కారేది. నాలుగో రోజు మధ్యాహ్నం మోషే చేలోనే వాంతులు చేసుకుని పడిపోయాడు. ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్ళి ఇంజెక్షన్లు చేయిస్తే రెండు రోజులకు లేచాడు. నేను చూడ్డానికి వెళ్తే మంచం మీద కూర్చుని ఇడ్లీ తింటున్నాడు. ఇలా మందు తగలడం ప్రతి ఊళ్ళోనూ ఉన్నదే, గండం గడిచిందనుకున్నాను. వారం తిరిగేసరికి పడవ ఎక్కించాను.

మరో రెండు వారాలకి పడవ కుడికి లాగడం మొదలైంది.

మొదట గాలి అనుకున్నాను. తర్వాత చుక్కాని వంగిందేమోనని విప్పి సరిచేశాను. అయినా అంతే. తీగ సాగిందనుకుని కొత్తది వేశాను. పందెం సగం దాటేసరికి మళ్ళీ కుడికే. గుంటూరు వెళ్ళి సైకిలు షాపులో గట్టి బ్రేకు తీగ కొనుక్కొచ్చి రెండోసారి మార్చాను. చివరికి వేరే పడవ ఇచ్చి, దాని తీగ కూడా మార్చాను. ఆ పడవా కుడికే లాగింది. రెండు పడవలకు ఒకే జబ్బు ఎలా వస్తుందని అప్పుడైనా నాకు తట్టాలి. తట్టలేదు. "మనసు ఎక్కడ పెట్టావురా?" అని గట్టు మీద అందరి ముందూ తిట్టాను. వాడు తల వంచుకుని, "చూసుకుంటాను సార్" అన్నాడు.

మరొకటి కూడా చూశాను. మోషే ఎడమ కాలి చెప్పును మడమ చుట్టూ పురికొసతో కట్టుకుని నడుస్తున్నాడు. ఏంట్రా ఈ వేషమంటే, "జారిపోతందండి, పాత చెప్పు" అన్నాడు. కొత్త జత కొనుక్కోరా ఛాంపియన్ అని నవ్వాను. చెప్పు పాతదేమీ కాదని తర్వాత తెలిసింది. వేళ్ళతో చెప్పును పట్టే బలం పాదంలో పోయింది. ఆ సంగతి వాడికి తెలుసు. చెబితే ఎంపిక పోటీలకు పంపనని భయపడి దాచాడు. పంపనని వాడు అనుకోవడంలో తప్పు లేదు. చూడాల్సింది నేను.

డిసెంబరు పోటీల్లో ఫైనలుకు వచ్చాడు. తొమ్మిది వరసల్లో వాడిది ఐదోది. నియమం ప్రకారం పడవ తన వరస మధ్యలోనే పోవాలి, పక్క వరసలోకి వెళ్తే న్యాయనిర్ణేత ఎర్రజెండా ఎత్తి పందెంలోంచి తీసేస్తాడు. ఏడువందల మీటర్ల దాకా మోషే రెండో స్థానంలో ఉన్నాడు. అక్కడి నుంచి పడవ మెల్లగా కుడికి జరిగింది. ఎడమవైపుకు తిప్పాలని వాడు నడుముతో, భుజంతో, ఆఖరికి తలతో కూడా ప్రయత్నించడం నాకు ఒడ్డు మీదికి కనిపించింది. ఒక్క పాదంతో తప్ప. ఆరో వరసలోకి వెళ్ళిపోయాడు. ఎర్రజెండా లేచింది. గీత రెండో వాడిగానే దాటాడు, కానీ జాబితాలో పేరు లేదు.

తిట్టడానికే రేవు దగ్గరికి వెళ్ళాను. మోషే పడవలోంచి లేచి చెక్క మీద కాలు పెట్టగానే పాదం కిందికి వేలాడి, చీలమండ మెలికపడి, చెక్క మీద పడ్డాడు. లేపబోతే, "పాదం లేవదు సార్. నెలైంది" అన్నాడు. అప్పుడు గానీ నేను వాడి పాదం వంక చూడలేదు.

గుంటూరులో నరాల డాక్టరు గారు సూదితో పాదాలు గుచ్చి చూసి, మోకాళ్ళు తట్టి, మొదట అడిగిన మాట, రెండు మూడు నెలల కింద పురుగుమందు పని చేశాడా అని. కొన్ని మందులు ముందు ఒంటికి తగిలి తగ్గిపోయినట్టే తగ్గి, కొన్ని వారాలకు నరాలను కాళ్ళ చివర నుంచి పట్టుకుంటాయని చెప్పారు. శిక్షణ రిజిస్టరు చూపించమన్నారు. ఏ రోజు ఏం చేశాడో వేలితో చూసుకుంటూ వచ్చి, ఆ నాలుగు గడుల దగ్గర ఆగి, ఈ భుజాల వ్యాయామం ఏమిటని అడిగారు. చెప్పాను. నెల ముందు తెచ్చి ఉంటే బాగయ్యేదా అని అడిగితే, నరం సంగతి చెప్పలేనని, కనీసం అలసిన కాళ్ళతో నెలరోజులు సాధన చేయించకుండా ఉండేవారని అన్నారు. సిగ్గుతో నాకు చెవులు కాలాయి. ఆ సిగ్గు ఈనాటికీ పూర్తిగా పోలేదు.

మోషే మళ్ళీ పందెంలో దిగలేదు. కుడి పాదం కొంత కోలుకుంది, ఎడమది కోలుకోలేదు. నడిచేటప్పుడు మోకాలు ఎత్తి, పాదాన్ని నేలకేసి కొట్టినట్టు పెడతాడు. తండ్రి రిటైరయ్యాక ఆ లస్కరు పనికైనా దరఖాస్తు పెట్టుకుంటే, గట్టు మీద రోజూ అన్ని మైళ్ళు నడవలేడని రాసి తిప్పి పంపారు. రత్నం కౌలు మానలేదు. తర్వాత కరువు ఏళ్ళు వచ్చి కాలువకు నీళ్ళే రాలేదు. కేంద్రం మూతపడింది. పడవల్ని ఒక గోడౌనులో మిర్చి బస్తాల వెనక పడేశారు. నన్ను వేరే జిల్లాకు మార్చారు.

2008లో రిటైరయ్యాక ఒకసారి వాళ్ళ ఊరు వెళ్ళాను. మోషే మిరప కల్లంలో కూర్చుని రంగు పోయిన తాలుకాయలు ఏరుతున్నాడు. నేను తెడ్డు పట్టడం నేర్పిన చేతులు ముంజేతుల దాకా ఎర్రగా ఉన్నాయి. కుర్చీ వేయించి, మజ్జిగ ఇప్పించాడు. తొమ్మిదేళ్ళుగా అనాలనుకున్నది అన్నాను. ఆ రోజు నేను పోవద్దని ఉంటే బాగుండేదిరా అన్నాను. వాడు కాయలు ఏరడం ఆపకుండా, "మీరొద్దన్నా పోయేవాణ్ణండి. చేను మాది. మా నాయన భుజం అప్పుడు లేవలేదు" అన్నాడు. ఇంకో కాయ పక్కన పడేసి, "కానీ సార్, తీగ మార్చినప్పుడల్లా నాకు ఆశ పుట్టేదండి. తప్పు తీగదేనేమో, నాది కాదేమో అని" అన్నాడు.

మోషే పోటీ పోయిన తర్వాత, రిటైరయ్యేదాకా చేసిన పోస్టింగుల్లో రెండు పద్ధతులు పెట్టుకున్నాను. చేలో మందు కొట్టినవాడు ఎన్ని రోజులు కొట్టాడో రిజిస్టరులో విడిగా రాసి, ఆరు వారాలపాటు వాడి పాదాలు రోజూ చూసేవాణ్ణి. పడవ పక్కకు లాగితే మొదట మనిషిని దింపి, చెప్పుల్లేకుండా, వేళ్ళు పైకెత్తి మడమల మీద నడిపించి, ఆ తర్వాతే చుక్కాని విప్పేవాణ్ణి. కోచ్‌గా చేరే కొత్తవాళ్ళకు చెప్పదగ్గది ఇదే. పడవ చూడడానికి పది నిమిషాలు పడుతుంది, పాదం చూడడానికి ఒక నిమిషం చాలు. నేను ఆ నెలలో మూడు తీగలు మార్చాను, ఆ ఒక్క నిమిషం పెట్టలేదు.