కొండ మీద ఇన్సులిన్

1997 నవంబరులో నన్ను లంబసింగికి ఎగువనున్న ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వైద్యాధికారిగా వేశారు. అక్కడ జ్వరమంటే ముందు మలేరియానే. వచ్చిన ప్రతి రోగికీ వేలి కొస నుంచి నెత్తురు తీసి, గాజు పలక మీద పూత పూసి చూడడం మా మొదటి పని. షుగరు జబ్బు మైదానంలో లావుపాటి మనుషులకే వస్తుందని మా సిబ్బందిలో చాలామంది నమ్మకం.

ఆ చలికాలంలోనే చిన్నాలమ్మను డోలీలో మోసుకొచ్చారు. ఇరవై ఏళ్ళుంటాయేమో, ఎముకల గూడులా ఉంది. స్పృహ సగమే ఉంది. ఊపిరి లోతుగా, ఆయాసంగా తీస్తోంది.

"కుండలు కుండలు నీళ్ళు తాగుతంది డాక్టరమ్మా. తిన్నదేదీ ఒంటికి పట్టట్లేదు," అన్నాడు భర్త సోమన్న.

పూతలో మలేరియా లేదు. ఆమె ఊపిరి మాత్రం మగ్గిన పండు వాసన వేస్తోంది. మూత్రాన్ని బెనెడిక్ట్ ద్రావణంలో కలిపి కాచాం. నీలం రంగు ఇటుక ఎరుపుకు తిరిగింది. అంటే చక్కెర విపరీతంగా పోతోంది. ఒంట్లో ఇన్సులిన్ తయారుకాకపోతే చక్కెర నెత్తురులోనే తిరుగుతుంది, కండకు అందదు. అప్పుడు శరీరం తన కొవ్వునే కరిగించుకుంటుంది. దాని వల్ల నెత్తురులో ఆమ్లాలు పేరుకుంటాయి. ఆ వాసన వాటిదే.

టీకా మందుల ఫ్రిజ్‌లో ఇన్సులిన్ సీసా ఒకటి ఉంది. సెలైన్ ఎక్కిస్తూ మొదటి మోతాదు ఇచ్చి, నేనూ జీపెక్కి కింద పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాను. బతికింది.

తిరిగొచ్చాక అసలు కష్టం మొదలైంది. పొద్దునా సాయంత్రం సూది, జీవితాంతం. ఇంట్లో కరెంటు లేదు. తడి ఇసుక పోసిన కుండలో సీసా దాచమన్నాను. సూది వేయడం ఇద్దరికీ నేర్పాను. వేసుకున్నాక తినకపోతే చక్కెర మరీ పడిపోతుందని, చెమటలు, వణుకు, తికమక మాటలు వస్తాయని, వెంటనే బెల్లం పెట్టాలని ఇద్దరి చేతా అప్పజెప్పించుకున్నాను. పక్కనే నిలబడ్డ అత్త ఒక్కటే అడిగింది: "సూది మీద బతికే కోడలు గుంట మాకేటి పనికొస్తాది?"

"నాకు పనికొస్తాది," అన్నాడు సోమన్న.

మరుసటి ఏడాది కాఫీ పళ్ళ కోతలప్పుడు ఒక ఉదయం టీకాలు వేయడానికి వాళ్ళ ఊరు వెళ్ళాను. తోటలోంచి డప్పు వినిపించింది. చిన్నాలమ్మ సూది వేసుకుని, గంజి తాగకుండానే కోతకు వెళ్ళిందట. ఊగిపోతూ ఏదేదో అంటుంటే తోటివాళ్ళు పూనకమనుకున్నారు. దేవత ఒంటి మీదున్నప్పుడు నోట్లో ఏమీ పెట్టకూడదని, ఊళ్ళో పూజలు చేసే దిసారి అడ్డు నిలిచాడు. నేను చేరేసరికి సోమన్న ఆయన్ని తోసుకుని వెళ్ళి, భార్య తల ఒళ్ళో పెట్టుకుని, నలిపిన బెల్లం ఆమె చెంప లోపల రాస్తున్నాడు.

"దేవతైతే నా మీదే కోపం తీర్సుకోనీ," అంటూ ఏడుస్తున్నాడు.

ఆమెను పక్కకు తిప్పి పడుకోబెట్టాను. మింగగలుగుతోందని రూఢి చేసుకున్నాక బెల్లం నీళ్ళు కొద్దికొద్దిగా పట్టించాం. కాసేపటికి చూపు నిలిచింది. "అందరూ నన్నే సూత్తన్నారేటి?" అంది.

దిసారి నన్ను దూరంగా తీసుకెళ్ళాడు. "బెల్లానికి దిగిపోయిందంటే పూనకం కాదు కదమ్మా?"

కాదన్నాను. సోమన్నకు చెప్పినదంతా ఆయనకూ చెప్పాను. శ్రద్ధగా విన్నాడు.

"అయితే ఇకమీద ముందు బెల్లం పెడతాం. అప్పటికీ దిగకపోతే డప్పు తెత్తాను."

ఒప్పుకున్నాను. చిన్నాలమ్మ ఆ వారమే మళ్ళీ కోతకు వెళ్ళింది, ఈసారి గంజి తాగి. నాకు బదిలీ అయ్యేనాటికి ఆరోగ్యంగానే ఉంది.

తర్వాత ఉద్యోగం చేసినంతకాలం, ఇన్సులిన్ మొదలుపెట్టిన రోగిని రెండు ప్రశ్నలు అడిగేదాన్ని: పనిలో నీ పక్కన ఎవరుంటారు, ఊళ్ళో ఎవరి మాట వింటారు? వాళ్ళను పిలిపించి చెప్పేదాన్ని. చక్కెర పడిపోయిన మనిషికి తన జబ్బు పేరు కూడా గుర్తుండదు. ఆ కొద్దిసేపూ వైద్యం చేయాల్సింది పక్కనున్నవాళ్ళే.