గోడలో దూది

ఆదోనిలో మా ఇల్లు బాగు చేయించేటప్పుడు నేను ఒక్కటే అడిగాను. మా పడకగదికీ అత్తగారి గదికీ మధ్య ఉన్న గోడ దాటి మాట రాకూడదు. ఆవిడ రోజూ మధ్యాహ్నం ఎమ్మిగనూరులో ఉన్న చెల్లెలితో ఫోన్‌లో మాట్లాడుతుంది. ఆ గొంతుకు ఫోన్ అనవసరం. ఇవతల నేను మా బడి పిల్లల పరీక్ష పేపర్లు దిద్దుకోవాలి.

వడ్రంగి ఫోమ్ షీట్లు తెమ్మన్నాడు. దూది మిల్లులో పనిచేసే మా ఆయనకు పౌరుషం వచ్చింది.

"ఆదోనిలో ఉండి ఫోమ్ కొంటే మిల్లులో నా మొగం యాడ పెట్టుకోవాలన్నా?"

రెండు మూటల దూది తెచ్చాడు. అత్తగారి వైపు గోడకు చెక్కలు కొట్టించి, వాటి వెనక కుక్కించాడు. నిజంగానే చప్పుడు ఆగిపోయింది. బడిలో అందరికీ గొప్పగా చెప్పుకున్నాను.

ఐదారు నెలలకు గోడ అవతలి నుంచి మళ్ళీ గొణుగుడు వినపడటం మొదలైంది. వడ్రంగిని తిట్టాను, మా ఆయన్నీ తిట్టాను. మొన్న పేపర్లు దిద్దుతుంటే అత్తగారి గొంతు పక్కనే కూర్చున్నట్టు వినపడింది. చెల్లెలితో చెబుతోంది:

"దీపం వత్తులకు దూది కొనేదే లేదు మే. గోడకు ఒక చెక్క వదులైంది, ఆడ్నుంచే పీకుతాండాను. నీకూ పంపిస్తాలే. మా కోడలికి మాత్రం సెప్పొద్దు."