పచ్చడి జాడీలో వెండి సూదులు

నా చేతుల మీదుగా మా ఇంట్లో ఒక ఘోరం జరిగింది. ప్రాణనష్టం లేదు గానీ పరువు నష్టం ఉంది, అదీ పూర్తిగా నాదే. గుప్పెడు టీ ఆకు, ఒక పింగాణీ జాడీ, నా బోడి తెలివి, ఈ మూడూ ఒకచోట చేరితే ఎంత పని జరుగుతుందో చెబుతాను, వినండి. నవ్వొస్తే మొహమాటపడకండి. మా అత్త ఇప్పటికీ భోజనానికి ముందొకసారి, తర్వాతొకసారి నవ్వుతూనే ఉంది.

అప్పుడు నాకు ఇరవై ఆరేళ్లు. బెంగుళూరులో ఉద్యోగం చేసుకుంటూ, సాయంత్రాలు టీ రుచి చూడడం నేర్పే కోర్సు ఒకటి చేశాను. నిజమేనండీ, అలాంటివీ ఉంటాయి. చైనా తెల్ల టీ, నల్ల టీ ఎలా కాచాలి, ఎలా వాసన చూడాలి, నోట్లో ఎలా తిప్పాలి అని రెండు నెలలు నేర్పారు. చివర్లో ఒక సర్టిఫికెట్టు, అరచేతి మందాన ఒక పుస్తకం చేతిలో పెట్టారు. ఇంకేముంది, నా కాళ్లు నేల మీద ఆనలేదు. ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి నరసరావుపేట వచ్చి పడ్డాను. "ఇక్కడ చైనా టీల కొట్టు పెడుతున్నా" అని ఇంట్లో ప్రకటించాను.

మా పేటలో టీ అంటే ఏమిటో మీకు తెలుసుగా? చిక్కటి గేదెపాలు, దండిగా పంచదార, కచ్చాపచ్చాగా దంచిన అల్లం, అన్నీ కలిసి మూడు పొంగులు రావాలి. అలాంటి ఊళ్లో పాలూ పంచదారా లేని టీ అమ్ముతానన్నాను. మా నాన్న పేపరు పక్కన పెట్టి, "మరి అందులో ఏం ఉంటదమ్మా?" అని అడిగాడు పాపం. అజ్ఞాని అనుకుని జాలిపడ్డాను.

కొట్టుకి గది కావాలి. స్టేషన్ రోడ్డులో మా మేనత్త నాగరత్నమ్మకి ఒక గది ఉంది. అత్త సంగతి మీకు చెప్పాలి. మామయ్యతో పాటు నలభై ఏళ్లు మిరపకాయల వ్యాపారం చేసిన మనిషి. బస్తాలోంచి ఒక కాయ తీసి, తుంచి, ముక్కు దగ్గర పెట్టుకుంటే అది ఏ రకమో, ఏ నేలలో పండిందో, కోశాక తడిసిందో లేదో చెప్పేసేది. మామయ్య పోయాక వ్యాపారం ఆపేసి, ఒక్కతే టీవీ ముందు కూర్చుంటోంది. నేను గది అడగ్గానే మొహం మీదే చెప్పింది.

"సెల్‌ఫోన్ల కొట్టాయన అడుగుతున్నాడే మాధవీ. పై సోమవారం తాళంచెవి ఇస్తానని మాట కూడా అయింది. నువ్వు సొంత మేనకోడలివి కాబట్టి ఒక అవకాశం ఇస్తా. ఆదివారం మీ ఇంటికొస్తా. నీ టీ ఏందో నా నోట్లో పొయ్. బాగుంటే గది నీది. బాగాలేకపోతే బెంగుళూరు బస్సెక్కు. నాకు మొహమాటాల్లేవు."

"నువ్వు తాగిన తర్వాత మళ్లీ పాల టీ ముట్టవు చూడత్తా!" అన్నాను. నోటి దూల అంటే అదే.

ఆదివారానికి వారం ఉంది. ఇంట్లోవాళ్ల నాలుకలు సిద్ధం చేయాలని మొదలుపెట్టాను. కారం, ఉల్లి, వెల్లుల్లి, పచ్చళ్లు బంద్. పప్పులో ఎండుమిరపకాయ కూడా వేయకూడదు. పల్నాడులో పుట్టిన మనిషికి కారం ఆపడమంటే చేపని ఒడ్డున పడేసి ఊపిరి పీల్చుకోమనడమే. మూడో రోజుకి నాన్న పెరుగన్నం ముందు కూర్చుని గోడకేసి చూడడం మొదలుపెట్టాడు.

"నాన్నా, నాలుక శుద్ధి అవుతోందా?" అని అడిగాను.

"అయిందమ్మా. అంతా శుద్ధి అయిపోయింది. ఇంక ప్రాణం ఒక్కటే మిగిలింది."

అప్పుడొచ్చింది అసలు చిక్కు. నల్ల టీ బిగుతు మూత ఉన్న రేకు డబ్బాలో భద్రంగా ఉంది. తెల్ల టీ మాత్రం కాగితం ప్యాకెట్టులో ఉంది, ప్రయాణంలో దాని అంచు చిరిగింది. పుస్తకం తీసి చూశాను. పేజీ అడుగున ఇలా ఉంది: టీ ఆకుకి గాలి తగలకూడదు, వెలుగు తగలకూడదు, తడి తగలకూడదు. ఇల్లంతా వెతికాను. మనిళ్లల్లో గాలీ వెలుగూ తడీ చొరబడని చోటు ఏదండీ? మీరే చెప్పండి. ఇంటికన్నా జాడీ పదిలం!

వారం పాటు పచ్చళ్లు బంద్ చేశాను కదా, పండు మిరపకాయ పచ్చడి జాడీతో ఎవరికీ పని లేదు, అదీ అడుగుకొచ్చి ఉంది. మిగిలింది సీసాలోకి తీయించి, జాడీని కుంకుడు రసంతో మూడుసార్లు తోమి, వేడినీళ్లు పోసి, రోజంతా ఎండలో పెట్టాను.

అమ్మ గుమ్మంలో నిలబడి చూస్తోంది. "ఒసేయ్, ఏళ్ల తరబడి పచ్చడి పెట్టిన జాడీనే అది. నువ్వెంత తోమినా దాని గుణం పోదు."

"అమ్మా, ఇది పింగాణీ. టీ పుట్టిన దేశంలోనే పింగాణీ పుట్టింది. ఈ రెంటికీ చుట్టరికం ఉంది."

"చుట్టరికాలే కొంపలు ముంచేది," అంది అమ్మ. నేను వినలేదు. తెల్ల టీ జాడీలో పోసి, మూతపెట్టి, మూతికి గుడ్డ కూడా కట్టాను, అచ్చం పచ్చడికి కట్టినట్టే.

ఆదివారం సాయంత్రం నాలుగింటికి అత్త వచ్చింది. వస్తూనే కొంగుకి కట్టిన తాళంచెవి విప్పి బల్ల మీద పెట్టింది. నా గుండె అక్కడే ఆ తాళంచెవి పక్కన కూర్చుంది. నేను గాజు కూజా, పిడిలేని చిన్నచిన్న కప్పులు సర్దాను.

"ఏందే ఈ కప్పులు, బొమ్మల పెళ్లికా?"

"చిన్న గుక్కలు తాగాలత్తా. అప్పుడే రుచి తెలుస్తుంది."

జాడీలోంచి ఆకు తీసి పళ్లెంలో పోసి చూపించాను. సన్నటి మొగ్గలు, వాటి మీద తెల్లటి నూగు. అత్త ఒకటి వేళ్లతో పట్టుకుని తిప్పింది. "ఇదేందే, తాలు తెచ్చి పెట్టావ్?" అంది. తాలంటే రంగుపోయి తెల్లబారిన మిరపకాయ, ఎవరూ కొనరు.

"తాలు కాదత్తా, మొగ్గలు! విచ్చకముందే కోస్తారు. వెండి సూదులంటారు వీటిని."

"మేం తాలుకి వెండి పేరు పెడితే రైతులు తరిమి కొట్టేవాళ్లు," అంటూ ఆ మొగ్గని ముక్కు దగ్గర పెట్టుకుంది. ఒకసారి నా వంక, ఒకసారి మా అమ్మ వంక చూసింది. ఏమీ అనలేదు. పరిమళానికి మాట పడిపోయిందనుకుని నేను లోపల్లోపల పొంగిపోయాను.

నీళ్లు కాగాక దించి కాసేపు ఆపాను. "తెల్ల టీకి మరిగే నీళ్లు పనికిరావత్తా. కొంచెం చల్లారాలి."

"మరక్కుండా దించితే దాన్ని టీ అనరే. తానానికి తోడిన నీళ్లంటారు."

నేను పట్టించుకోలేదు. కప్పుల్లో పోశాను. ఎండుగడ్డి రంగులో, అద్దంలా ఉంది. నిలబడి గొంతు సవరించుకున్నాను. "ముందు వాసన చూడండి. ఎండిన గడ్డి. తర్వాత కర్బూజా పండు. చివర్లో తేనె." ఆ తర్వాత మా టీచరు నేర్పినట్టు గాలితో కలిపి గుక్కని జుర్రున లాగాను. వీధిలో కుక్క మొరిగింది.

"ఛీ ఛీ, ఏందే ఆ జుర్రుడు! ఆడపిల్లవు!"

"అట్టా జుర్రితేనే టీ నోరంతా పరుచుకుంటదత్తా."

నాన్న ఒక గుక్క తాగాడు. మొహం ఎర్రబడింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. "చానా... చానా బాగుందమ్మా," అన్నాడు గొంతు బొంగురు పోయి. నాకు ఎంత ఆనందమేసిందో! నా టీ మా నాన్నని కదిలించింది!

అత్త కప్పు ఎత్తింది. గుక్క నోట్లోకి తీసుకుని వెంటనే మింగలేదు. కళ్లు మూసుకుని అటూ ఇటూ తిప్పింది. ఎవరూ నేర్పకుండానే అచ్చం మా టీచరు చేసినట్టే చేసింది.

"ఇంకొంచెం పొయ్."

పోశాను.

"ఇంకొంచెం."

మళ్లీ పోశాను. తాళంచెవి నాదైపోయిందనుకున్నాను. కొట్టుకి ఏ రంగు వేయించాలో కూడా మనసులో ఖాయం చేసుకున్నాను. నేనొకటి తలిస్తే జాడీ ఒకటి తలిచింది.

అత్త కళ్లు తెరిచింది. "కర్బూజా నాకు తగల్లేదు గానీ, పండు మిరపకాయ తగిలింది. పోయినేటిది కాదు, అంతకుముందు ఏటిది. చింతపండు పాతది, నల్లగా ఉండి ఉంటది. మెంతులు కాస్త మాడినయి." మా అమ్మ వైపు తిరిగింది. "ఏమే రమణా, ఆ ఏడు మెంతులు మాడ్చావు కదూ?"

అమ్మ తల వంచుకుంది. "అవునొదినా. ఫోనొస్తే మాట్లాడతా మాడ్చా."

అప్పుడైనా నోరు మూసుకోవచ్చు కదా? మూసుకోలేదు. "అది... కొన్ని తెల్ల టీల్లో సహజంగానే కొంచెం కారపు ఛాయ ఉంటుందత్తా," అన్నాను.

"మాధవీ," అంది అత్త చాలా నెమ్మదిగా, "నలభై ఏళ్లు మిరపకాయల మధ్య బతికినదాన్ని. నాతోనా?"

ఆ రోజు మొట్టమొదటిసారి నా కప్పులో ఏముందో నేను నిజంగా తాగి చూశాను. గొంతులో చురుక్కుమంది. పుట్టినప్పటి నుంచీ మిరప ఘాటులోనే పెరిగిన ముక్కు నాది. దానికి ఆ వాసన గాలిలాగే అలవాటు, విడిగా తెలియలేదు. నేను మాత్రం జుర్రుతూ తేనె, కర్బూజా అని ఉపన్యాసమిచ్చాను.

"ఆ పుస్తకం తియ్. ఎక్కడ దాచమని రాశారో చదువు."

చదివాను. "గాలి తగలకూడదు, వెలుగు తగలకూడదు, తడి తగలకూడదు."

"పేజీ తిప్పు."

తిప్పాను. అప్పటిదాకా తిప్పలేదు. "'అన్నిటికన్నా ముఖ్యం, ఘాటైన వాసనల దగ్గర ఉంచకూడదు. టీ ఆకు పక్కనున్న వాసనని పీల్చేసుకుంటుంది. చైనాలో మల్లెపూల మధ్య ఆకుని ఉంచి, మల్లె టీ చేసేది అందుకే...'" పుస్తకం మెల్లగా మూశాను.

"ఇప్పుడు నేను మంచినీళ్లు తాగొచ్చా అమ్మా?" అని అడిగాడు నాన్న.

అత్త తాళంచెవి తీసి మళ్లీ కొంగుకి కట్టుకుంది. నాకు ఏడుపొచ్చింది. సిగ్గు పడకుండా చెబుతున్నా, నిజంగానే ఏడ్చాను. ఉద్యోగం పోయింది, గది పోయింది, వారం రోజులు నాన్నకి పెట్టిన పెరుగన్నం కూడా వృథా అయింది. అమ్మ వచ్చి నా వీపు మీద చెయ్యి వేసింది.

"ఏడ్చింది చాల్లే," అంది అత్త. "ఇంకోటేదో ఉందన్నావుగా, నల్లది. అదీ పొయ్. ఇంతదూరం వచ్చినందుకు."

ఈసారి ఉపన్యాసం లేదు. కళ్లు తుడుచుకుని, డబ్బా తెరిచి, నల్ల టీ కాచి, నోరు మూసుకుని కప్పులో పోశాను. ఎర్రటి రాగి రంగు. అత్త మళ్లీ కళ్లు మూసుకుంది. గుక్కని నోట్లో అటూ ఇటూ తిప్పింది.

"ఇది వేరేగా ఉందే," అంది చివరికి. "పొయ్యిలో చిలగడదుంప కాలుస్తాం చూడు, తొక్క ఒలిచేటప్పుడు ఒక వాసనొచ్చిద్ది. అది. వెనకాల తేనె ఉంది. పల్చటి తేనె కాదు, ముదురు తేనె. మింగినాక కూడా నాలుక మీద తీపి నిలబడింది. పంచదార వేశావా?"

"లేదత్తా!"

పుస్తకం లాక్కుని ఆ టీ ఉన్న పేజీ తీశాను. కాల్చిన చిలగడదుంప, చిక్కటి తేనె, మింగాక నిలిచే తీపి. అదే వరసలో రాసుంది. ఆ వాక్యం నాకు కంఠతా వచ్చు. బెంగుళూరులో పదిమంది ముందు ఒప్పజెప్పి చప్పట్లు కూడా కొట్టించుకున్నాను. ఆ చిలగడదుంప మాత్రం ఒక్కనాడూ నా నోటికి తగల్లేదు.

"నీకెట్టా తెలిసిందత్తా?"

"నాకేం తెలుసే? నా నోట్లో ఉన్నది చెప్పా. నువ్వు పుస్తకంలో ఉన్నది చెప్తున్నావ్."

కప్పు ఖాళీ చేసింది. పెద్ద గుక్క చివర జుర్రున చప్పుడైంది. మేమెవరం నవ్వలేదు, అంత ధైర్యం లేదు. తర్వాత కొంగు ముడి విప్పి, తాళంచెవిని బల్ల మీద నా వైపు నెట్టింది.

"గది తీసుకో. సెల్‌ఫోన్లాయనకి నేను చెప్పుకుంటా. రెండు షరతులు. ఆ పుస్తకం కొట్లో నా కంటికి కనపడకూడదు. రోజూ సాయంత్రం నేనొచ్చి కూర్చుంటా. ఆ టీవీ చూసీ చూసీ నా ముక్కు మొద్దుబారిపోతంది."

ఆ రాత్రి భోజనంలో నాన్నకి అమ్మ గొడ్డుకారం వేసి నెయ్యి పోసింది. ఆయన తిన్న తీరు వర్ణించడానికి నాకు సర్టిఫికెట్టు లేదు.

కొట్టు పెట్టి ఇప్పటికి మూడేళ్లు. మొదట్లో "పాలెక్కడమ్మా?" అని వెనక్కి వెళ్లినవాళ్లే ఎక్కువ. తర్వాత అత్తకి తెలిసిన మిర్చి వ్యాపారులు ఒక్కొక్కరే రావడం మొదలుపెట్టారు. కాయ వాసన చూసి వాదులాడుకునే మనుషులు టీ వాసన చూసి వాదులాడుకుంటున్నారు. "ఇది కొండ మీద ఆకు," అని ఒకాయన, "కాదు, వాన పడ్డాక కోశారు," అని ఇంకొకాయన. వాళ్ల మధ్య కూర్చుని, కళ్లు మూసుకుని, నోట్లో ఉన్నది మాత్రమే చెప్పడం నేనిప్పుడిప్పుడే నేర్చుకుంటున్నాను. మొన్న తెల్ల టీలో నాకు కర్బూజా తగిలింది, నిజంగా! కేక పెట్టాను. "ఇప్పటికి తగిలిందా?" అని అత్త నవ్వింది.

కాబట్టి పాఠకులారా, కోటప్పకొండ స్వామి మీద ఒట్టేసి చెబుతున్నాను. ఈ జన్మలో ఇక టీ ఆకుని పచ్చడి జాడీలో పెట్టను, పెట్టను గాక పెట్టను. పెడదామన్నా ఆ జాడీ నాకు దొరకదు. "చైనావాళ్లకి మల్లెపూలుంటే మనకి మిరపకాయలున్నయి కదే," అంటూ అత్త దాన్ని కొట్టుకి తెచ్చుకుంది. నెలకోసారి తెల్ల టీ తనే అందులో పోసి మూతికి గుడ్డ కడుతుంది. మా కొట్లో అందరికన్నా ముందు అయిపోయే టీ అదే. నేను చెయ్యి పెట్టబోతే మాత్రం ఒక్కటిస్తుంది, "నీకు పాళ్లు తెలియవు, జరుగు" అని.